బియ్యప్పిండి దెయ్యం

ఆగస్టు 1, ఆదివారం
మధ్యాహ్నం కేబుల్‌లో ఆ సినిమా వేశారు. నా సినిమా! నాది అనడం ఎక్కువే — అందులో దెయ్యం నేను. ఇరవై నాలుగేళ్ల కిందట, పలమనేరులో పది రోజుల షూటింగ్. ముఖం నిండా బియ్యప్పిండి, కళ్ల చుట్టూ కాటుక. సుగుణ అన్నం తిన్న చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి నవ్వింది. "యాడ పట్టుకొచ్చినారండీ ఈ దెయ్యాన్ని! తుమ్ముతాండాది సూడండి!" ఊఁ అన్నాను. అంతే.

అదే రోజు, సాయంత్రం
ఎంత నాసిరకం సినిమా! పుర్రెను లాగే దారం కనిపిస్తుంది. ఎవరైనా ఆనుకుంటే గోడ ఊగుతుంది. అర్ధరాత్రి అంటారు, నేల మీద మిట్టమధ్యాహ్నపు నీడలు. దెయ్యం చేతికి వాచీ — తీయమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. వంటమనిషి లావు మీద జోకులు వింటే ఇప్పుడు సిగ్గేసింది. అయినా దెయ్యం మిరపకాయల బస్తా మీద కూర్చుని, తుమ్మి తుమ్మి, భయపెట్టాల్సిన వాళ్లనే మంచినీళ్లు అడిగే చోట... నవ్వాపుకోలేకపోయాను. బాగా చేశాను. ఈ మాట ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకోను?

ఆగస్టు 2
బడికి భయపడుతూనే వెళ్లాను. లెక్కల అయ్యవారు, పైగా హెడ్మాస్టరు. తిరుపతిలో సగం మంది చూసే ఉంటారు. పిల్లలు గుర్తుపడితే ఇక నా మాట వింటారా? తొమ్మిదో తరగతి వరండాలో అందరూ దెయ్యంలా తుమ్ముతున్నారు. నన్ను చూసి గప్‌చుప్. "నమస్తే సార్." ఎవరూ గుర్తుపట్టలేదు. హమ్మయ్య.
స్టాఫ్‌రూమ్‌లోనూ ఎవరూ గుర్తుపట్టలేదు. కొంచెం కష్టంగానే అనిపించింది.

ఆగస్టు 4
సుగుణకు చెప్పాలి. ఎలా? పెళ్లిచూపుల్లో మామ అడిగాడు — "నాటకాలు, వేషాలు ఏమన్నా ఉండాయా? అట్టాటోళ్లకు పిల్లనియ్యం." జన్మలో రంగు పూసుకోలేదన్నాను. సుగుణ అక్కడే, తలుపు పక్కన నిలబడి ఉంది. ఆ అబద్ధం ఆమె కూడా విన్నది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఇంకా ఎవరికి భయపడుతున్నాను?

ఆగస్టు 5
చెప్పలేదు.

ఆగస్టు 8, ఆదివారం
జనం అడిగారని మళ్లీ వేశారు. తుమ్ముల చోటు వచ్చింది. సుగుణ పడీ పడీ నవ్వుతూ నా భుజం మీద ఒకటి వేసింది. ఆ ఊపులో అనేశాను — "అది నేనే, సుగుణా."
"ఊరుకోండి!"
తర్వాత టీవీని చూసింది. నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది.
సినిమా చివరిదాకా చూసింది. టీవీ ఆపి, అప్పుడు — "మా నాయనకు చెప్పకపోతిరి, సరే. నేనేం జేసినాను? నాకు చెప్పింటే, ఇన్నేండ్లు ఇద్దరమూ కూసోని నవ్వుకుంటాంటిమి గదా."
కోప్పడి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ని. కోప్పడలేదు. నాకు చాలా బాధేసింది.

ఆగస్టు 9
పొద్దున కాఫీ ఇచ్చింది. మామూలుగానే. గ్లాసు నా చేతికిచ్చి, అక్కడే నిలబడి — "ఇంకేమన్నా ఉండాయా, నాకు చెప్పనివి?"
లేవన్నాను.
అని, ఇప్పుడు తలుపు దగ్గరికి వేసుకుని ఈ డైరీ రాస్తున్నాను.