మొగులొచ్చె

బాలమణీ,

బాగున్నావా? నువ్వు పోయి పదకొండు నెలలైంది. నేను బాగానే ఉన్నాను. పప్పు మాడకుండా వండటం వచ్చింది... అన్నం ఇంకా నేర్చుకుంటున్నాను.

మొన్న ఆదివారం మన బిడ్డ సునీత వచ్చింది. నువ్వు తోటకూర తెంపుకుంటూ పాడిన వరి నాట్ల పాట దాని ఫోన్‌లో ఉందట. నేను ఏడుస్తానని ఇన్నాళ్లూ వినిపించలేదట. ఏడవడమెందుకు? మీసం దువ్వుకుని కూర్చున్నాను. నా మీది పాట కదా...

"మొగడొచ్చె మొగడొచ్చె ఉరుముకుంట వచ్చె, ఉరిమితే ఉరిమె గాని సల్లన్నదే మనసు."

అబిడ్స్‌లో గొడుగుల దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, ముప్పై ఏళ్లు వంటింట్లోంచి నాకు వినపడింది ఇదే. నాంపల్లిలో మన ఇంటి పక్క రైళ్ల చప్పుడులో.

ఫోన్‌లో రైలు లేదు. మొగడూ లేడు. "మొగులొచ్చె మొగులొచ్చె" అట! మన దిక్కు మబ్బుని అనే మొగులు! సునీత పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూంలోకి పోయి కాసేపు నల్లా తిప్పుకున్నాను...

ఇన్నేళ్లూ పాడింది నా మీద కాదా?

అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి మీద ఆ పాట అని ఒకసారి అడిగాను. నువ్వు కూర కలుపుతూ, తలెత్తకుండా అన్నావు: "ఎవరి మీదైతేంది? ఉరుముడు ఇద్దరిదీ ఒక్కటే. గాయన జర ఎక్కువ పనికొస్తడు, గంతే."

ఆ ఇద్దరిలో రెండోవాడు మా అన్న అనుకున్నాను, మబ్బని కాదు.

నిన్న సాయంత్రం మొగులైంది. ఇన్నేళ్లు వాన మీద బతికినవాణ్ణి, ఒక్కసారైనా పైకి చూశానా? మబ్బు పడితే గొడుగులు ముందుకు సర్దడమే తెలుసు. నిన్న ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను. గన్‌ఫౌండ్రీ వైపు నుంచి వచ్చింది. నల్లగా, లావుగా, సణుక్కుంటూ... నిజం చెప్పు, అచ్చం నేనే కదూ?

దుకాణం నిండా గొడుగులే. ఒక్కటీ తీసుకోలేదు. నీ పాట పాడుకుంటూ నాంపల్లి దాకా తడుస్తూ నడిచాను. పుస్తకాలు చొక్కాలో దాచుకుని బడి నుంచి తడుస్తూ వచ్చినప్పటి మట్టి వాసనే... తారు రోడ్డు మీద ఎక్కడి నుంచి వచ్చిందో.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, నువ్వు లేవు గనక నేనే పాడాను. సరిగ్గా మొగులనే పాడాను. అప్పుడే రైలు పోయింది.

మొగడొచ్చె అనే వినపడింది బాలమణీ.

ఇన్నేళ్లు అలా ఇంట్లోకి పిలిచావు... సల్లగుండు. ఇక వానొచ్చిన రోజు గొడుగు పట్టను. జలుబు చేస్తే మాత్రం నీదే పూచీ.

నీ మొగులు