పార్కింగ్‌లో కాగిన డప్పు

పార్సిప్పనీ

నా తల్లీ ధనమ్మా, మన డప్పు అమెరికా స్టేజీ మీద మోగిందే! జనం లేచి నిలబడ్డారమ్మా! చేతులింకా జుమ్మంటున్నాయి, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

నీకొక సంగతి దాచాను. నేనిక్కడ దిగిన రోజే నీ తమ్ముడు లోకేష్ డప్పుని సూట్‌కేసుల వెనక పెట్టేశాడు. "ఇక్కడందరికీ నువ్వు రిటైర్డ్ మేస్టారువని చెప్పాను నాన్నా, మాట జాగ్రత్త," అన్నాడు. ఐదో తరగతితో బడి మానేసిన నేను మేస్టారుని! ఉగాదికి మన ఆద్య, తెలుగు సంఘం పెద్ద భీమశంకరంగారితో "అంకుల్, మా తాత డప్పు కొడతారు, ప్రోగ్రామ్‌లో పెట్టండి" అనేసింది. "అది చావులకి కొట్టేది కదమ్మా, పండగపూట ఎందుకు?" అని ఆయన నవ్వాడు. పక్కనున్న లోకేష్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు అన్నంలో రాయిలా తగిలింది తల్లీ.

ఆద్యకి స్కూల్లో జాజ్ సంగీతం నేర్పే బెల్ గారు నల్లాయన. పిల్ల చెబితే ఇంటికొచ్చాడు. "మా తాతలు బూర ఊదిన హోటళ్ళలోకి వాళ్ళని వెనక గుమ్మంలోంచే రానిచ్చేవాళ్ళు. అందుకే ఇంకా గట్టిగా ఊదారు. మా కోపమూ, మా గొప్పా ఈ పాటే. మాతో వాయించండి," అన్నాడు. ఆద్య తెలుగులో చెబుతుంటే నాకు ఏడుపాగలేదు. పెళ్ళిలో మేళం మనది, భోజనం పెరట్లో. ఆయనకెలా తెలిసిందే?

నిన్న స్కూల్లో కచేరీ. లోకేష్ రానన్నాడు. తీరా చూస్తే వాన చెమ్మకి తోలు మెత్తబడి డప్పు మూగపోయింది. స్కూల్లో మంట పెట్టకూడదట. ఇక దిగిపోదామనుకున్నాను. అప్పుడొచ్చాడమ్మా నీ తమ్ముడు! ఆఫీసు కోటుతోనే డప్పు లాక్కుని, పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా రేకు పళ్ళెంలో కాగితాలు అంటించి, చిన్నప్పటిలాగే తిప్పి తిప్పి కాచాడు. వేలితో మీటి, "ఇప్పుడు పలుకుద్ది నాన్నా," అన్నాడు. వాడి చేతులు మర్చిపోలేదే!

మాతో వాయించిన మనవడి కోసం వచ్చిన భీమశంకరంగారు చివర్లో, "దసరాకి మాకూ రెండు నిమిషాలు కొట్టండి మేస్టారూ," అన్నాడు.

లోకేషే అందుకున్నాడు. "మేస్టారు కాదండీ, మాదిగ డప్పు మా నాన్నది. చావులకే కొడతాడు. అవసరమైనప్పుడు కబురు పెట్టండి."

నా కొడుకేనమ్మా! కానీ అబద్ధమెందుకు, ఉగాదినాటి ఆ నవ్వు ఇంకా గుచ్చుతూనే ఉంది.

మురిసిపోతున్న మీ నాన్న,
వెంకటస్వామి

అందరికీ చెప్పు. మీ పెద్దత్తకి, చిన్నాన్నకి, చర్చి పక్కింటి రాహేలు పిన్నికి. అమ్మ సమాధి దగ్గర గట్టిగా చెప్పు. నరసింహ మావయ్యకి మాత్రం మెల్లగా చెప్పు. కొడుక్కి సంబంధం చెడుద్దని తన డప్పు పొయ్యిలో పెట్టుకున్నాడు.