చివరి అక్షరం తడవకూడదు

పిల్‌దాంగ్, సియోల్
డిసెంబరు 4, 2001

చిరంజీవి ఇన్‌సుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమమని రాయడం మన ఇంటి అలవాటు. ఆ వాక్యం ఎప్పుడూ మీ అమ్మే రాసేది, కింద నేను సంతకం పెట్టేవాణ్ణి. ఈసారి నేనే రాస్తున్నాను. నేను క్షేమం. పొయ్యి బాగానే వెలుగుతోంది. నీళ్ళ గొట్టాలు ఇంకా గడ్డకట్టలేదు. అక్కడ మీ సైనిక శిబిరంలో మంచు ఊడ్చే పని మొదలైందని రాశావు. నడుము వంచకు, మోకాళ్ళు వంచి ఊడువు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. అమ్మ అంత్యక్రియలకు నీకిచ్చిన ఐదు రోజుల సెలవులో మనం మాట్లాడుకున్నది తక్కువ. ఆమె చివరి రోజు ఏం జరిగిందో వరుసగా చెప్పమన్నావు. ముందు అది రాస్తాను.

సెప్టెంబరు 25, మంగళవారం. చుసొక్ పండుగ ఇంకా ఆరు రోజులుంది. మీ అమ్మ ఆరింటికి లేచి సోయా మొలకల పులుసు కాచింది. ఎడమ భుజం పట్టేసిందంటే నొప్పి పట్టీ నేనే అంటించాను. ఎనిమిదింటికి మేడ మీద పని గదిలో కూర్చున్నాం. నా బల్ల మీద ప్రూఫులు, ఆమె బల్ల మీద సమీకరణాలు. పదకొండింటికి ప్యో మాస్టారు ఫోన్ చేసి, తన లెక్కల పుస్తకం పేజీలు పండుగలోపు కావాలన్నాడు. పన్నెండింటికి నేను భోజనానికి లేచాను. ఆమె రాలేదు. సందు చివర కొట్లో నూడుల్స్ తిన్నాను. నమ్ బాబాయి కనిపిస్తే కాసేపు మాట్లాడాను. ఒంటిగంటా ఇరవైకి తిరిగి వచ్చాను. ఆమె నుదురు బల్లకు ఆనించి ఉంది. కళ్ళజోడు తీసి, మడవకుండా పక్కన పెట్టుకుంది. నిద్రపోయిందనుకున్నాను. చప్పుడు కాకుండా తలుపు వేసి, లేపకూడదని పది నిమిషాలు బయటే నిలబడ్డాను. తరువాత లోపలికి వెళ్ళాను.

రెండో ప్రశ్న, తింటున్నానా అని. తింటున్నాను. మీ పెద్దమ్మ శీతకాలానికి పెట్టిన కిమ్చీ మూడు జాడీలు పంపింది. మూడోది, అమ్మ బట్టలు ఎవరికైనా ఇచ్చేశానా అని. ఇంకా లేదు.

నాలుగోదానికి జవాబు ఇంత తేలిక కాదు. నమ్ బాబాయి నీకు రాసిన కార్డులో ‘వదిన పేజీలు ఇంకా వస్తూనే ఉన్నాయి’ అని ఉందట. అవి ఎవరు చేస్తున్నారు నాన్నా అని అడిగావు.

ఈ ఉత్తరం నీకంటే ముందు మీ సార్జెంటు చదువుతాడు. అతని కోసం, నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను. మాస్టార్లు లెక్కల పుస్తకాన్ని టైపు ప్రోగ్రాంలో రాసి ఇస్తారు. అచ్చుకు పోవాలంటే దాన్ని పేజీలు అమర్చే ప్రోగ్రాంలోకి మార్చాలి. మాటలు మారతాయి. సమీకరణాలు మారవు. సమీకరణం ఉన్న ప్రతి చోటా ఒక ఖాళీ గడి మిగులుతుంది. ఆ గడిలో ఏముండాలో రాతప్రతిలో చూసి, మళ్ళీ మొదటి నుంచి కట్టి, చిన్న బొమ్మలా దాచి, గడిలో కూర్చోబెట్టాలి. ఒక్క పుస్తకానికి వెయ్యికి పైనే. మీ అమ్మ పదమూడేళ్ళు చేసింది ఆ పనే. చుంగ్‌మురో అచ్చు షాపుల సందుల్లో ఆమె పేరు తెలియనివాళ్ళకు కూడా ఆమె కట్టిన సమీకరణం తెలుసు. వర్గమూలం గుర్తు మీది గీతను అందరూ చివరి అక్షరం దగ్గర ఆపేస్తారు. ఆమె వెంట్రుక వాసి ముందుకు లాగేది. నువ్వు ఆరో తరగతిలో ఎందుకని అడిగితే ఏం చెప్పిందో నీకు గుర్తుండే ఉంటుంది. “అది ఇంటి చూరు రా. వాన పడితే చివరి అక్షరం తడవకూడదు.”

ఆమె పోయేనాటికి ప్యో మాస్టారి పుస్తకంలో అరవై రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. అవి కాక, 146వ పేజీలో సగం కట్టిన సమీకరణం ఒకటి. ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది అదే. నేను లెక్కలు చదివినవాణ్ణే, తప్పు పట్టగలను. కట్టడం రాదు. ప్రయత్నించాను. నా సమీకరణాలు తాగినవాడిలా పక్కకు ఒరిగాయి. ప్యో మాస్టారు రెండు వారాలు మర్యాదగా ఊరుకున్నాడు. మూడో వారం ఫోన్ చేశాడు. సెలవుల క్లాసులకు పుస్తకం అందకపోతే పిల్లలు లెక్కలు తమంతట తామే నేర్చేసుకుంటారని, అప్పుడు తన బతుకేం కానని అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వలేదని అర్థమై క్షమించమన్నాడు.

నవంబరు 12న అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు, అన్నం పెట్టి సాగనంపే రోజు. నీకు సెలవు దొరకలేదు. అమ్మ ఫోటో పని గదిలో ఆమె బల్ల మీదే ఉంది కాబట్టి అన్నం అక్కడే పెట్టాను. మధ్యాహ్నం పన్నెండింటికి గిన్నె నిండా అన్నం, దానిలో నిలబెట్టిన చెంచా, మొలకల పులుసు. వంగి మొక్కి, బయటికి వచ్చి తలుపు వేశాను. పోయినవాళ్ళు తొమ్మిది ముద్దలు తినేంతసేపు బయట ఉండాలి. నువ్వుంటే నా పక్కన నిలబడేవాడివి. ఒక్కణ్ణే మెట్ల మీద కూర్చున్నాను. తొమ్మిది ముద్దలకు ఎంతసేపు పడుతుందో ఎవరికి తెలుసు? మీ అమ్మ నెమ్మదిగా తినేది. గంటసేపు కూర్చున్నాను. తరువాత మా నాన్న చేసినట్టే మూడుసార్లు దగ్గి, వస్తున్నానని తెలియజేసి, తలుపు తీశాను.

అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె కంప్యూటర్ తెర మీద ఏడు గడులు నిండి ఉన్నాయి.

నేనే ముందు రోజు చేసి మరిచిపోయానేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూశాను. రెండింటిలో వర్గమూలాలు ఉన్నాయి. రెండింటికీ చూరు బయటికి వచ్చి ఉంది.

మర్నాడు ఖాళీ గడుల అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, పన్నెండింటికి తలుపు వేసి, మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి లోపల మౌస్ చప్పుడు వినిపించింది. ఆగి, రెండుసార్లు నొక్కి, మళ్ళీ ఆగుతుంది. పదమూడేళ్ళుగా నా వీపు వెనక విన్న చప్పుడే. నాకు భయం వేయలేదు. ఆకలేసింది. అన్నం డబ్బా తెచ్చుకుని మెట్ల మీదే తిన్నాను. ఒంటిగంటా ఇరవైకి దగ్గి తలుపు తీశాను. తొమ్మిది నిండాయి.

అప్పటి నుంచి రోజూ అంతే. నేను పన్నెండింటికి లేస్తాను, తలుపు వేస్తాను, దగ్గి తీస్తాను. పూర్తయిన అధ్యాయాన్ని నమ్ బాబాయి షాపుకు ఇస్తాను, అతను అచ్చుకు ఫిల్మ్ తీస్తాడు. వదిన ముందే చేసి పెట్టిన పేజీలు నేను ఒక్కొక్కటిగా తెస్తున్నానని అతని నమ్మకం. అందుకే నీకు అలా రాశాడు.

నవంబరు 19 నాటికి గడులన్నీ నిండాయి, 146వ పేజీలోది తప్ప. దాన్ని ఆమె ముట్టుకోలేదు. ఆ రోజు పుస్తకం ఇచ్చేయవలసింది. ఇవ్వలేదు. పుస్తకం అయిపోతే మధ్యాహ్నం ఆ గదికి ఎవరు వస్తారు?

ఇక్కడి నుంచి నీకు చెప్పకూడదనుకున్నది రాస్తున్నాను, ఇన్‌సు.

ఆ సాయంత్రం మీ అమ్మ ఎప్పుడో కట్టిన పది సమీకరణాలు వేరే డిస్కులో దాచి, పుస్తకంలోంచి తీసేశాను. మర్నాడు మధ్యాహ్నానికి పదీ మళ్ళీ నిండాయి. తరువాత ఇరవై తీశాను. ఇరవైకి ఇరవై. పోయిన గురువారం నలభై తీశాను. ప్రతిరోజూ పేజీలు ఖాళీ చేశాను, ప్రతిరోజూ అవి నిండాయి. నాకు సంతోషంగా ఉంది. ఉన్నమాట రాస్తున్నాను.

గురువారం తలుపు తీయగానే నొప్పి పట్టీ వాసన వచ్చింది. అంతకుముందు లేదు. ఇంట్లో పట్టీలు లేవు. మిగిలినవి సెప్టెంబరులోనే పారేశాను.

శనివారం నమ్ బాబాయి షాపులో ఫిల్మ్‌ని దీపం బల్ల మీద పరిచి చూస్తున్నాం. అతనికి ఎప్పుడూ ఉన్న అలవాటే, మాట్లాడుతూ మాట్లాడుతూ అధ్యాయం చివర ఒక సమీకరణం మీద గోరు పెట్టాడు.

“ఏంటన్నయ్యా, వదిన చూరు దగ్గర పిసినారితనం మొదలెట్టింది? చివరి అక్షరం తడిసిపోతోంది చూడు.”

అనేసి, తాను ఎవరి గురించి మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. నేను వంగి చూశాను. నిజమే. గీత చివరి అక్షరం దాకా రాలేదు. దాని ముందున్న నాలుగైదు కూడా వరుసలోంచి కిందికి జారి ఉన్నాయి.

“కళ్ళజోడు మార్చుకోమని చెప్పాల్సింది మనం,” అన్నాడు నమ్ బాబాయి మెల్లగా. తరువాత నాకు కాఫీ తెప్పించాడు.

నిన్న ఇంట్లో కూర్చుని, యంత్రం ఒక్కొక్క బొమ్మకు వేసిన సమయాలు చూశాను. నలభై తొమ్మిదో రోజు నుంచి ప్రతిరోజూ పని పన్నెండూ ఐదుకు మొదలైంది. మొదటి వారం ఐదారు నిమిషాలకు ఒకటి. ఈ వారం నిమిషానికి ఒకటి. కానీ రోజూ చివరి బొమ్మ సమయం ఒక్కటే. పన్నెండూ యాభై రెండు. గురువారం నుంచి ఆ చివరిదానికి చూరు పూర్తి కాలేదు.

సెప్టెంబరు 25 నాటి 146వ పేజీ బొమ్మ తీసి చూశాను. పన్నెండూ యాభై రెండు.

ఈ ఉత్తరం మొదట్లో నీకు రాసింది అబద్ధం కాదు, కానీ మొత్తం కాదు. ఆ రోజు మధ్యాహ్నం నేను లేచినప్పుడు ఆమె కుర్చీ నా వైపు తిప్పింది. “ఏమండీ, ఈ నొప్పి చెయ్యంతా దిగుతోంది. ఆసుపత్రికి వెళ్ళొద్దామా?” అంది. మీ అమ్మ తనంతట తాను ఆసుపత్రి మాట ఎత్తడం నేను ఎప్పుడూ వినలేదు. అయినా అది నా చెవికెక్కలేదు. ప్యో మాస్టారి ఫోన్ నా తలలో ఉంది. “ఈ పేజీ ముగించెయ్. తిని వస్తాను, అప్పుడు వెళ్దాం,” అన్నాను. ఆమె సరేనని కుర్చీ మళ్ళీ తెర వైపు తిప్పుకుంది. నమ్ బాబాయితో నేను మాట్లాడింది ఫుట్‌బాల్ గురించి. వచ్చే ఏడు ప్రపంచ కప్పు పోటీలకు టికెట్లు దొరుకుతాయా అని.

ఇది డాక్టరుకు చెప్పలేదు. మీ పెద్దమ్మకు చెప్పలేదు. నీ సెలవు ఐదు రోజుల్లో నువ్వు నా పక్కనే పడుకున్నావు, అప్పుడూ చెప్పలేదు. నువ్వు నన్ను క్షమించాలని రాయడం లేదు. నువ్వు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు కాబట్టి రాస్తున్నాను.

పుస్తకం పూర్తిచేయడానికి ఆమె వస్తోందని అనుకున్నాను. ఆమె రావడం లేదు. ఆ మధ్యాహ్నంలోంచి బయటికి పోలేదు. ఈ పేజీ ముగించమని నేను అన్నాను. పేజీ ముగియకుండా నేనే చూస్తున్నాను. రోజూ నొప్పితో కూర్చుంటోంది. రోజూ నేను తలుపు వేసి భోజనానికి పోతున్నాను.

నిన్న సాయంత్రమే దాచిన సమీకరణాలన్నీ వాటి గడుల్లో తిరిగి పెట్టేశాను. ఈ రోజు ఖాళీ గడి ఒక్కటీ లేదు. ఆమె కళ్ళజోడు మడిచి పెట్టెలో పెట్టాను. యంత్రం నా చేత్తో ఆపేశాను. అయినా పన్నెండింటికి కాళ్ళు వాటంతట అవే మెట్ల మీదికి తీసుకుపోయాయి. తలుపు కింది సందులోంచి పట్టీ వాసన వచ్చింది. చప్పుడు మొదలైంది. ఎప్పటిలా ఆగి ఆగి కాదు, ఆగకుండా నొక్కుతున్న చప్పుడు. చెయ్యి వేసి తలుపు తీయవచ్చు. మర్యాద అడ్డొచ్చింది. లోపల ఉన్నవాళ్ళు ముగించక ముందు తలుపు తీయకూడదు కదా. పన్నెండూ యాభై రెండుకు చప్పుడు ఆగింది. ఒంటిగంటా ఇరవై దాకా కూర్చుని, దగ్గి తలుపు తీశాను.

తెర వెలుగుతోంది. 146వ పేజీ తెరిచి ఉంది. గీత చివరి అక్షరం దాకా రాలేదు. కళ్ళజోడు బల్ల మీద ఉంది, మడవకుండా.

నువ్వు దిగులు పడకు. నాకు మతి చెడలేదు. నువ్వు మార్చిలో సెలవు మీద వచ్చాక మీ అమ్మ బట్టలు మనిద్దరం కలిసి సర్దుదాం. నీకు చలికి చేతులు పగులుతున్నాయని రాశావు, రెండు జతల చేతి తొడుగులు విడిగా పంపుతున్నాను. ముదురు నీలం జత మీ అమ్మ అల్లింది, రెండో చేతికి బొటనవేలు పూర్తి కాలేదు. అలాగే వేసుకో.

ఇక రేపటి సంగతి. రేపు ఉదయం ఎనిమిదింటికి మేడ ఎక్కుతాను. దగ్గకుండా తలుపు తీస్తాను. ఆమె కుర్చీలో కూర్చుని, 146వ పేజీలో ఆ చూరును చివరి అక్షరం దాటేదాకా నేనే లాగుతాను. వంకరగా వచ్చినా సరే. డిస్కు నమ్ బాబాయి చేతిలో పెట్టి, తిరిగి వచ్చి, ఆమె కుర్చీని తలుపు వైపు తిప్పి ఉంచుతాను. పన్నెండింటికి తలుపు తెరిచే ఉంటుంది. ఆ గదిలో ఎవరికీ పని ఉండదు.

ఇట్లు,
మీ నాన్న,
యొమ్ గి-బొం