ట్యాంకులో ఎవరేం పోశారు

జూన్ 3, మంగళవారం

ఇవాళ కొండ ఎక్కుతుంటే కారు శబ్దం చేసింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు. రెండో మలుపు దగ్గర మొదలైంది. పైన అమ్మగారి చెల్లెలి ఇంటి గేటు వచ్చేదాకా ఆగలేదు. వెనక సీట్లోంచి అమ్మగారు ఏమైంది అని అడిగారు. ఏమీ లేదమ్మా అన్నాను. ఏమీ లేకపోవడమేమిటి. నేను స్టీరింగు పట్టినప్పటి నుంచీ ఈ కారు నోరెత్తింది ఒక్కసారే.

ఒకరితో చెప్పుకోవడం నాకు చేతకాదు. మా ఊరి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు ఉన్నాయి. ఇందులో రాసి పెడతాను.

జూన్ 4

ఆ ఒక్కసారి సంగతి. అప్పుడు అయ్యగారు ఉన్నారు. దూరప్రయాణంలో ప్రీమియం పెట్రోలు ఎక్కడా దొరక్క మామూలుది పోయించాం. ఎక్కుడు దారిలో అచ్చం ఇదే శబ్దం. అయ్యగారు నాకు విడమరిచి చెప్పారు. ఈ ఇంజను పెట్రోలుని గట్టిగా అదుముతుంది, పస లేని పెట్రోలు ఆ అదుముడుకి ఆగలేక తన వంతు రాకముందే పేలుతుంది, ఆ పేలుడే నీకు వినబడేది అన్నారు. ఈ పాత దొరసానికి ఆక్టేన్ తొంభై ఐదు పడాల్సిందే, తొంభై ఒకటి పోశామా చెవులు మూసుకుని కూర్చోవాలి అన్నారు. అమ్మగారు నవ్వి, మీలాగే దీనికీ రుచులెక్కువ అన్నారు.

అప్పటి నుంచీ తొంభై ఐదే. ట్యాంకు తలుపు లోపలి స్టిక్కరు మీద కూడా అదే రాసి ఉంటుంది.

మరి మామూలుది ఎవరు పోశారు? బంకులో మీసాలాయన తప్ప ఇంకెవరున్నారు.

జూన్ 6, శుక్రవారం

పెట్రోలు రోజు. ఈ ఇంట్లో మొదటి నుంచీ ఒక పద్ధతి. బంకులో డ్రైవరు దిగడు, మాట్లాడడు. వెనక ఉన్నవాళ్ళే అద్దం దించి చెబుతారు. నేను సీటు పక్కన ఉన్న మీట లాగి ట్యాంకు తలుపు తెరుస్తాను, ముందుకు చూస్తూ కూర్చుంటాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు బెరుకు కాబట్టి ఈ పద్ధతి నాకు హాయి.

ఇవాళ మాత్రం పక్క అద్దంలో చూశాను. మీసాలాయన గొట్టం తెచ్చి పెట్టాడు. ఏ గొట్టం? ఇదివరకు ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే రంగులో ఉన్నాయి. మిషను మీద అంకెలు కూడా మసక మసగ్గా వెలుగుతున్నాయి. కావాలనే చేసి ఉంటారు.

వాడు అమ్మగారితో వానల గురించి ముచ్చట పెట్టాడు. నోట్లో బెల్లంముక్క పెట్టుకుని మాట్లాడేవాణ్ణి నమ్మకూడదు.

జూన్ 7

కొత్త రీఫిల్ కూడా పలచగా రాస్తోంది. కొట్టువాడు పాతవి అంటగట్టాడు.

జూన్ 10, మంగళవారం

మళ్ళీ కొండకి బయల్దేరాం. మళ్ళీ అదే శబ్దం. సగం దారిలో అమ్మగారు వెనక్కి తిప్పమన్నారు.

మెకానిక్కుని పిలిపించారు. బానెట్ ఎత్తి విన్నాడు. ఇంజను కొట్టుకుంటోంది, నాకింగ్ అంటారు దీన్ని అన్నాడు. అది నాకూ తెలుసు. పెట్రోలు మీద అనుమానం ఉందని మెల్లగా అన్నాను. వినిపించుకోలేదు. వయసైపోయింది, ఇంక విశ్రాంతి ఇవ్వాలి అన్నాడు. ఆ మాట అంటూ వాడు కారుకేసి చూడలేదు, నాకేసీ చూడలేదు. అమ్మగారికేసి చూశాడు. అమ్మగారు చీర కొంగు సర్దుకుంటూ, పాపం దాన్నెందుకు కష్టపెట్టడం, ఇక కొండ వద్దులే అన్నారు.

చెల్లెలుగారు మంచం దిగలేరు. వారం వారం అక్కగారి కోసం కిటికీలోంచి చూస్తూ ఉంటారు. అలాంటిది, వద్దులే అని ఒక్కమాటలో తేల్చేశారు. ఎక్కడో మతలబు ఉంది.

వంటింట్లోకి నీళ్ళకి వెళితే వంటావిడ మొదలుపెట్టింది. కారు ముసలిదైతే నీ మొహం మాడిపోయిందేం బాబాయ్, నువ్వేమన్నా దానికి పెళ్ళికొడుకువా అంది. ఆవిడ నాలుకకి సెలవు లేదు.

జూన్ 12

సీటు ఎవరో ముందుకు జరిపారు. ఎక్కబోతే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. అద్దం కూడా కిందికి వంచి ఉంది.

తాళంచెవి వంటింటి మేకుకే ఉంటుంది. కారు ఎవరు తీశారని వంటావిడని అడిగాను. దెయ్యం తీసిందేమో బాబాయ్, పొట్టి దెయ్యం అంది. తనలో తను నవ్వుకుంది.

నేను మధ్యాహ్నం కునుకు తీసే వేళ మెకానిక్కు వచ్చి పోతున్నాడని తోటమాలి అన్నాడు. వాడికేం పని? మంచి పెట్రోలు తోడుకుని మామూలుది పోస్తున్నాడా? బంకువాడూ వీడూ ఒకటేనేమో. తాళాలిచ్చేది వంటావిడేనేమో.

జూన్ 13, శుక్రవారం

బంకు నుంచి వస్తూ గేటు స్తంభానికి మడ్‌గార్డు రాసుకుంది. ఆ స్తంభానికి మళ్ళీ సిమెంటు పూసినట్టున్నారు, లావైంది. పోయినసారి రాసుకున్నప్పుడే చెప్పాను. అమ్మగారు పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే బాధగా ఉంది.

ఆవిడకి ఈమధ్య బెదురు కూడా ఎక్కువైంది. సందు మలుపులో నా సీటు పట్టుకుని ఆపు ఆపు అన్నారు. ఎవరో అడ్డం వచ్చారట. నాకెవరూ కనబడలేదు.

జూన్ 17, మధ్యాహ్నం

అమ్మగారు పడుకున్నారు. ట్యాంకు ముల్లు అడుగుకి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా కారు తీశాను. ఊరి చివర వేరే బంకుకి పోయాను. కారు దిగి నిలబడ్డాను. తొంభై ఐదు అన్నాను. అక్కడ ఉన్న అమ్మాయి వినబడలేదంది. మళ్ళీ చెప్పాను. వీపంతా చెమట పట్టింది. కానీ చెప్పాను.

అక్కడి నుంచి తిన్నగా కొండ. మొదటి మలుపు. రెండో మలుపు. చెవులు రిక్కించి కూర్చున్నాను. శబ్దం లేదు. పిల్లి గోడ ఎక్కినట్టు ఎక్కింది. పైన గేటు దాకా వెళ్ళి వెనక్కి తిప్పుకున్నాను. కారుకి ఏ రోగమూ లేదు. వయసూ లేదు ఏమీ లేదు. పెట్రోలే.

దిగేటప్పుడు తోపుడుబండివాడొకడు నా మీద పెద్దగా కేకలేశాడు. పట్టపగలే తాగి ఉంటాడు.

దొంగ ఉన్నాడు. ఇక తేల్చుకోవాలి.

జూన్ 18, ఉదయం

నడిచి బంకుకి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. మీసాలాయన ఎదురుపడేసరికి ఒక్కటే మిగిలింది. ప్రీమియం చెబితే మామూలుది పోస్తున్నావు అన్నాను.

వాడికి కోపం వచ్చింది. నిందలు మొయ్యడానికి నేనేం గాడిదనా పెద్దాయనా అన్నాడు. పోయిన నెలాఖర్లో అమ్మగారే ఫోన్ చేసి, ఇక నుంచి మామూలుది పొయ్యి, డ్రైవరుకి మాత్రం చెప్పకు అన్నారట. ఎందుకని అడిగితే, నీకెందుకు అన్నారట.

నేను నమ్మలేదు. ఆవిడకి మామూలుది పడదని తెలుసు, తెలియకపోయినా ట్యాంకు తలుపు లోపల రాసే ఉంది కదా అన్నాను. రాసి ఉందా అని అడిగాడు. ఎర్రటి అక్షరాలతో ఉంది, తొంభై ఐదు అని, శుక్రవారం కారు తుడుస్తూ కూడా చూశాను అన్నాను.

వాడి కోపం పోయింది. తన స్టూలు తెచ్చి నా వెనక వేశాడు. కూర్చో పెద్దాయనా, నీళ్ళు తాగుతావా అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ నీళ్ళ మాటకి నాకు భయం వేసింది.

అదే రోజు, సాయంత్రం

ట్యాంకు తలుపు తెరిచాను. చూశాను. ఎర్రటి అక్షరాలు. తొంభై ఐదు.

తర్వాత వేలు పెట్టాను. స్టిక్కరు అంచు తగలలేదు. గోరుతో గీకాను. నున్నటి రంగు తప్ప ఏమీ లేదు. పోయినసారి స్తంభానికి రాసుకున్నప్పుడు ఆ పక్కంతా రంగు వేయించారు. స్టిక్కరు అప్పుడే పోయి ఉంటుంది.

అప్పటి నుంచీ శుక్రవారం శుక్రవారం నేను చదివింది ఏమిటి?

జూన్ 19, పొద్దున్నే

దారి కూడా అలాగే చూస్తున్నానా.

జూన్ 19

వంటావిడని అడిగాను. ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. మొదటిసారి ఆవిడ నాలుక ఆగింది. కత్తిపీట పక్కకి జరిపి అంతా చెప్పింది.

బంకుకి ఫోన్ చేసింది అమ్మగారేనట. ఇన్నేళ్ళు నన్ను గడప ముందు భద్రంగా దింపిన మనిషితో, నీ చూపు పోయింది దిగు అని చెప్పడానికి నాకు నోరు రాదే అన్నారట. కారే మొరాయిస్తే, కారుతో పాటు ఆయనా తల ఎత్తుకుని దిగుతాడు అన్నారట. అందుకని చెల్లెల్ని చూడటం కూడా మానుకున్నారు. వయసు మాట అనమని మెకానిక్కుకి చెప్పింది కూడా అమ్మగారేనట. వాడు మధ్యాహ్నాలు వచ్చేది పెట్రోలు తోడటానికి కాదు, వంటావిడకి డ్రైవింగ్ నేర్పడానికి. లైసెన్సు కూడా వచ్చిందట. ఆ పొట్టి దెయ్యాన్ని నేనే బాబాయ్ అంది.

తోపుడుబండివాడు తాగిలేడట. కారు తగిలి బండి తిరగబడిందట. కాళ్ళ మీద పడాల్సింది పక్కకి గెంతి బతికాడట. కారుని పోల్చుకుని పెరటి వాకిట్లోకి వచ్చి గోల పెడితే, అమ్మగారు చేతులు జోడించి పంపించారట.

ఆవిడ చేతులు జోడించారు. నా కోసం.

వంటావిడ కోస్తున్నది ఉల్లిపాయలు కాదు. అయినా కళ్ళు తుడుచుకుంది. నేను అందరినీ దొంగలనుకున్నాను. పెట్రోలుకి కాపలా కాశాను, కళ్ళని వదిలేశాను.

జూన్ 20, శుక్రవారం

కారు తియ్యలేదు. హాల్లోకి వెళ్ళి తాళంచెవి బల్ల మీద పెట్టాను. కారు తప్పు లేదమ్మా అన్నాను. తప్పు దాని మీద వెయ్యకండి, నాకే కనబడటం లేదు, తోపుడుబండి సంగతి తెలిసింది, ఇక స్టీరింగు పట్టను అన్నాను. ఆ ఇంట్లో నేను ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

అమ్మగారు తాళంచెవికేసి చూస్తూ కూర్చున్నారు. నీకు చెప్పలేక దానికి లేని రోగం అంటగట్టాను, అయ్యగారు ఉంటే నన్ను తిట్టేవారు అన్నారు. మిమ్మల్ని తిట్టరమ్మా, ఆ పెట్రోలుని తిడతారు అన్నాను. నవ్వారు. గొంతు మాత్రం నవ్వలేదు.

ఇప్పటికైనా దానికి పడేది పోయించండి, చెల్లెలుగారు చూస్తుంటారు అన్నాను. సరే అన్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళాక, ముందు పక్క సీటు ఖాళీయే కదా, నువ్వు కూర్చో, ఆ పిల్లకి గేర్లు ఇంకా తిన్నగా పడవు అన్నారు.

జూన్ 24

కళ్ళ డాక్టరు. ఒక కన్నుకి శుక్లం తీస్తే కొంత వస్తుందట. రెండోదాని నరం ఎండిపోయిందట. డ్రైవింగ్ మాట నేను ఎత్తలేదు. ఆయనే వద్దన్నాడు.

జూన్ 27, శుక్రవారం

అక్షరాలు గీత మీద పడుతున్నాయో లేదో.

బంకులో నేనే అద్దం దించాను. తొంభై ఐదు అన్నాను. మీసాలాయన ఏ గొట్టం పెట్టాడో కనబడలేదు. అడగలేదు.

రెండో మలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాను. వంటావిడ గేరు మార్చింది, గులకరాళ్ళ చప్పుడు రాలేదు. పైన గేటు తీస్తున్న చప్పుడు వినబడింది.