టైముకన్నా ముందొచ్చిన హిల్లా

తాంపెరె, ఆగస్టు 20
తౌనో మావయ్యకి హిల్లా రాస్తున్నది,
మీ సరస్సు చుట్టూ జరిగే మారథాన్‌లో పేరిచ్చాను. ఇది మూడోది. ముందు రెండుసార్లూ మొదట్లోనే రెచ్చిపోయి పరిగెత్తి, ముప్పై కిలోమీటర్ల దగ్గర కూలబడ్డాను. ఈసారైనా చివరిదాకా వెళ్లకపోతే మా ఆఫీసు యౌనీ ముందు తలెత్తుకోలేను. అందుకే లెక్క ప్రకారం పరిగెత్తుతాను: కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు. ముప్పయ్యో కిలోమీటరు సరిగ్గా మీ గేటు దగ్గరే. పదింటికి మొదలు, కాబట్టి ఒంటిగంటా పావుకి వస్తాను. బ్లూబెర్రీ జావ పట్టుకుని నిలబడు.
నీ మేనకోడలు, హిల్లా
తా.క. యౌనీ కూడా వస్తున్నాడు. వాడి లెక్క ఆరు.

కోయ్వురాంత, ఆగస్టు 24
అమ్మాయ్ హిల్లా,
వాడిది ఆరు, నీది ఆరున్నర. నీదే ఎక్కువ కదా, ఇంక వాడంటే భయమెందుకు? ముప్పై ఏళ్లు ఈ రోడ్డుమీద బస్సు నడిపాను. టైం కాకుండా ఏ స్టాపూ వదల్లేదు. నీ టైంటేబుల్ వంటింటి గోడకి అంటించాను.
మీ మావయ్య, తౌనో
తా.క. పాల ట్రాక్టరు నిన్ను దాటిపోతే చిన్నబుచ్చుకోకు.

తాంపెరె, ఆగస్టు 29
మావయ్యా,
అంకె తగ్గితేనే వేగం! కిలోమీటరుకి పట్టే నిమిషాలవి. మొదటిదైనా, ముప్పయ్యోదైనా నాకు అదే ఆరున్నర. తొందరపడ్డానా, చచ్చానే.
హిల్లా
తా.క. నేను ఆగను. జావ చేతికందించు చాలు.

కోయ్వురాంత, సెప్టెంబరు 2
హిల్లా,
అర్థమైంది. తొందరపడనివ్వను.
తౌనో

తాంపెరె, సెప్టెంబరు 10
మావయ్యా,
కుశలం అడగను, ఒళ్లు మండుతోంది. నిన్న పరుగులో యౌనీతో సమానంగా, ఒంటిగంటకే మీ గేటుకి వచ్చానా! "టైం కాలేదు, కూర్చో" అని కర్ర అడ్డం పెడతావా? యౌనీ చెయ్యి ఊపుతూ వెళ్లిపోయాడు. పావుగంట! నన్ను ముసలి పాస్టరుగారు కూడా దాటిపోయారు. నేను ఫినిష్ లైను దాటేసరికి యౌనీ జాడే లేదు, ఎప్పుడో ఇంటికి పోయుంటాడు. అంతా నీవల్లే.
హిల్లా
తా.క. జావ బాగుంది. అయినా కోపం పోలేదు.

కోయ్వురాంత, సెప్టెంబరు 12
అమ్మాయ్ హిల్లా,
ఫినిష్ లైను దాటావా! ఆ ముక్క తిట్ల మధ్యలో ఇరికించి ఊరుకుంటావేమే? మీ అత్తయ్య దాన్ని గట్టిగా మళ్లీ మళ్లీ చదివింది. నాకు కళ్లు చెమర్చాయి. ముందొచ్చిన బస్సు స్టాపులో ఆగాల్సిందే, తల్లీ, అందులో నా తప్పేం లేదు.
మీ మావయ్య, తౌనో
తా.క. యౌనీ నా టైంటేబుల్లో లేడు కాబట్టి ఆపలేదు. మా గేటు దాటాక బంగాళాదుంపల చేలో కూలబడ్డాడు. నువ్వు వెళ్లాక మీ అత్తయ్య చూసి ట్రాక్టరు మీద తెచ్చింది. మెట్లు దిగలేక ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు. ఉత్తరంలో ఈ సంగతి రాయనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే తా.క.లో రాశాను.