కపిల కాడి గోరింక

6 ఫిబ్రవరి 1955, ఆదివారం
మా ఆయన చనిపోయి నెల దాటింది. ఉల్లిమడి బీటలు వారింది. ఈ రోజు నేనే బావి మీది కపిలకు, అదే నీళ్లు తోడే మోటకు, ఎద్దుల్ని కట్టాను. వాలులోకి దిగాయి, బాన నిండుగా నీళ్లు పైకొచ్చాయి. మళ్లీ వెనక్కి ఎక్కమంటే ఎక్కవు. వాటికి ఆయన కేక కావాలి. మరిది చిన్న ఈరన్న గట్టు మీద కూర్చుని నవ్వాడు. ఆడోళ్లు మోకు పట్టింది యాడన్నా చూసినావా వదినా అన్నాడు. ఈ ఉల్లి నా చేత పండితే బావి, పొలం నావి, ఎండితే అతనివి అని పెద్దమనుషులు తేల్చారు. ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవలేదు.

8 ఫిబ్రవరి
నాకంటే మొద్దు ఇంకెవరూ లేరు. ఆ కేక మా వసారాలోనే వేలాడుతోంది. ఆయన పెంచిన గోరింక ఇదివరకు బావి దగ్గరే పంజరంలో ఉండేది. ఆయన పోయాక ఇంటికి తెచ్చాను. ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. పొద్దున పాలు పిండుతుంటే అంది: హో... ఎనక్కి రాండి నాయనా. వెంటనే ఆయన బీడీ దగ్గు. చెంబు జారింది. అత్త గిడ్డమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కొట్టంలో ఎద్దులు రెండూ వెనక్కి అడుగేశాయి.

9 ఫిబ్రవరి, మధ్యాహ్నం
ఫస్ట్ క్లాస్! పంజరాన్ని బావి దగ్గర వేపకొమ్మకు తగిలించాను. గిలక చప్పుడు ఆగగానే అది కేకేస్తుంది, ఎద్దులు వెనక్కి ఎక్కుతాయి. మడి తడిసింది. అత్త చెట్టు కింద నుంచి లేవలేదు.

14 ఫిబ్రవరి
పెద్దమనుషులు వచ్చారు. చచ్చినోని ఆత్మ పక్షిలో చేరిందట, ఊరికి శానా కీడట, వదిలేయాలట. ముందు నడిచింది మరిదే. నాకు ఒళ్లు మండింది. సరే, అది ఆయనే అనుకుందాం, పొలం గలాయన వచ్చి తన నీళ్లు తాను తోడుకుంటుంటే మరిదికి ఏం హక్కు ఉండాదప్పా అన్నాను. నా కొడుకు గొంతును తరిమేకి మీరెవురప్పా అంది అత్త. తలలు వంచుకుని పోయారు.

15 ఫిబ్రవరి
పంజరం తలుపు తెరిచి ఉంది, గోరింక లేదు. మరిది నా ముఖం చూడడం లేదు.

16 ఫిబ్రవరి, సాయంత్రం
ఎద్దుల్ని కట్టాను. గట్టు మీద మరిది, అతని వెనక సగం ఊరు. గొంతు బొంగురు చేసి ఆయనలాగే కేకేశాను. ఎద్దులు కదల్లేదు. ఎవరో ఇకిలించారు. సిగ్గు లేదు నాకు, మళ్లీ కేకేశాను. కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, దగ్గు మరిచాను. దగ్గాను. రెండూ చెవులు రిక్కించి, వెనక్కి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వాలెక్కాయి. చీకటి పడేదాకా తోలాను. మరిది ఎప్పుడు లేచిపోయాడో చూడలేదు. గొంతు పోయింది. పోతే పోనీ.

20 ఏప్రిల్
ఉల్లి తవ్వాం. పొలం నాది.

21 ఏప్రిల్
ఈ రోజు కపిల కట్టలేదు. అయినా వేపచెట్టులోంచి ఎవరో ఎద్దుల్ని పిలిచారు. ఆకుల మధ్య పసుపు ముక్కు. కేక నా గొంతు. దగ్గు ఆయనది.