నాన్న బిగించిన అలారం

అక్కా,

మతిమరుపుతో నాన్న మళ్లీ తప్పిపోకూడదని వీధి తలుపుకి అలారం పెట్టాను. "చదువుకున్నదానివి, నీకు తెలియనిదేముంది" అంది అమ్మ. తలుపు తీస్తేనే మోగాల్సింది, మూసినా ఒకటే మోత. దానితో వచ్చిన పుస్తకం మూడుసార్లు చదివినా అంతుచిక్కలేదు.

చివరికి నాన్నే చూశాడు. వడ్రంగి చెయ్యి కదా. "తలుపు కుంగిందే పిచ్చిదానా, తలుపుకున్న ముక్కా, గుమ్మానికున్న ముక్కా దగ్గరికి రావట్లేదు" అంటూ సన్నని చెక్కముక్క వేసి సరిచేశాడు. మోత ఆగింది.

"ఎవరి కోసమే ఇది?"

"దొంగల కోసం నాన్నా."

తలుపు తీశాడు. అలారం మోగింది. "బాగుంది. నేను బయటికెళ్లినా మీకు తెలుస్తుంది" అన్నాడు.

అప్పటినుంచి గడప దాటడం లేదు. నేను పిలిచినా రావడం లేదు. నువ్వొచ్చి, ఆయన్ని ఒక్కసారి బయట తిప్పి తీసుకురా.

నీ చెల్లెలు